అరవై సెకండ్ల గొంతు

తన చెవులు దెబ్బతిన్నాయన్న సంగతి షోలాపూర్ మొత్తంలో తనకొక్కడికే తెలుసని సిద్ధరాములుకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పదేళ్లుగా కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాడు.

ఆయన జాబర్. అంటే పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు మొరాయిస్తే బాగుచేసే మనిషి. ముప్పై రెండు మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే వాటి మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ, ఫలానా మగ్గంలో ఫలానా బోల్టు వదులైందని చప్పుడును బట్టే చెప్పేస్తాడని పేరు. ఆ పేరు వయసులో ఉన్నప్పుడు వచ్చింది. ఇప్పుడు యాభై నాలుగు నిండాయి. ఇప్పుడు చెబుతున్నది చెవితో కాదు, చేత్తో. మగ్గం మీద అరచెయ్యి ఆనించి, అది అదిరే తీరును బట్టి రోగం కనిపెడతాడు. చూసేవాళ్లు మాత్రం "చెవి అంటే సిద్ధరాములుది" అనే అనుకుంటున్నారు. అనుకోనీ అని ఆయనా ఊరుకున్నాడు. చెవుడొచ్చిన జాబర్‌ను ఏ మాలక్ పనిలో ఉంచుకుంటాడు? అందుకే డాక్టరు గడప తొక్కలేదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే పలకడని, జాబర్‌కు పొగరెక్కువని గల్లీలో పేరొచ్చింది. చెవిటివాడన్న పేరు కంటే పొగరుబోతన్న పేరే నయమనుకున్నాడు.

మనుషుల మాటలతో ఆయనకు పెద్ద చిక్కు రాలేదు. కార్ఖానాలో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు గనక, అక్కడ పనిచేసేవాళ్లు గొంతు వాడటమే మానేస్తారు. పెదవులు సాగదీసి ఒక్కో మాటా నోటితో గీసి చూపిస్తారు, ఎదుటివాడు చదువుకుంటాడు. ఇంట్లోనే మగ్గాలు నడిపించే పేటల్లో ఆడవాళ్లకూ పిల్లలకూ కూడా ఈ విద్య వచ్చు. మగ్గం ఆగిన తర్వాత గొంతు మళ్లీ బయటికొస్తుంది, అంతే తేడా. సిద్ధరాములు మగ్గం ఆగినా పెదవులే చదువుకుంటూ నెట్టుకొచ్చాడు.

అందరి సంగతీ అది. భార్య చంద్రభాగ మాట మాత్రం వేరు. ఆమె మాట ఆయనకు వినపడుతుంది. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె తలెత్తి "నూనె అయిపోయింది" అంటే వినపడుతుంది. వంటింటి గుమ్మంలోకి వచ్చి "అన్నం పెట్టిన, రా" అంటే అక్షరం పొల్లుపోకుండా వినపడుతుంది. లోకంలో అన్ని గొంతులూ ఒక్కొక్కటే మసకబారి పోతున్నా ఆ ఒక్క గొంతు అలాగే నిలబడింది. అది వినపడుతున్నంత కాలం తాను పూర్తి చెవిటివాడు కాదన్నది ఆయన ధైర్యం.

ఆ గొంతునే గురువారం నాడు ముంబైలో కోసి తీసేయబోతున్నారు.

చంద్రభాగకు నాలుగు నెలలుగా గొంతు బొంగురుపోయింది. ముప్పై ఏళ్లుగా తంబాకు దుమ్ములో కూర్చున్నదానికి మామూలేనని గల్లీ ఆడవాళ్లన్నారు. మిరియాల కషాయం తాగింది, పసుపు పాలు తాగింది. చివరికి డాక్టరు దీపం పెట్టి గొంతులోకి చూసి, లోపల గడ్డ ఉందనీ, మాట పలికించే డబ్బీని గడ్డతో సహా తీసేస్తే మనిషి దక్కుతుందనీ చెప్పాడు. మనిషి దక్కుతుంది, మాట దక్కదు. చంద్రభాగ సరేనని తలూపి ఇంటికొచ్చి, మిగిలిన ఆకు తడారిపోతుందని బీడీలు చుట్టడానికి కూర్చుంది. సిద్ధరాములుకు మాత్రం ఆ రోజు నుంచీ ముద్ద దిగడం లేదు.

ఆ గొంతును ఎక్కడైనా దాచుకోవాలని ఆయనకు తోచింది. పక్కింటి టేప్ రికార్డర్ అడిగి తెచ్చి, ఇంట్లో ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక క్యాసెట్ నింపాడు. పక్కింటాయన దాన్ని వేసి విని, "మగ్గాల చప్పుడు తప్ప మనిషి ఆవాజ్ లేదు గదా జాబర్" అని నవ్వి తిరిగిచ్చాడు. వాళ్లుండే నీలం నగర్‌లో మగ్గాల చప్పుడు లేని గోడ ఎక్కడిది! అప్పుడే సావిత్రి గుర్తొచ్చింది. నేతవాళ్ల ఇంటి పిల్ల, భవాని పేట్‌లో ఒక మేడ మీద నాలుగు కంప్యూటర్లు పెట్టి క్లాసు నడుపుతోంది. సిద్ధరాములును కాకా అంటుంది, చంద్రభాగను చిన్నమ్మా అంటుంది. "మంగళవారం రాండ్రి. మా గల్లీల ఆ రోజు మగ్గాలకు సుట్టీ. కంప్యూటర్ల రికార్డు చేస్తే చిన్నమ్మ గొంతు ఎన్నేండ్లయినా ఖరాబు కాదు" అంది.

ఆ మంగళవారం సాయంత్రం ఆరున్నరకే వాళ్ల బండి. మధ్యాహ్నం మూడింటికి సామాను సహా భవాని పేట్‌లో దిగారు. కార్ఖానాలో సిద్ధరాములు చేతికింద పనిచేసే పెంటప్ప స్టేషన్‌దాకా తోడుంటానని వచ్చాడు. సంచులు పట్టుకుని కింద చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నాడు.

మేడ మీద సావిత్రి ముఖం చెమటలు పట్టి ఉంది. పక్క గదిలో పిల్లలకు పరీక్ష జరుగుతోంది, పుణె నుంచి సాహెబ్ వచ్చి కుర్చీ వేసుక్కూర్చున్నాడు. "నాలుగున్నరకు లైట్ పోతది కాకా, రోజూ కోతనే. అంతట్లనే కావాలె. నేను ఆడికెళ్లి కదలరాదు" అంటూ వాళ్లను వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. మైకు చేతికిచ్చింది. తెర మీద చిన్న పెట్టె తెరిచి చూపించింది. "ఈ ఎర్ర గుండు నొక్కితే రికార్డు చాలూ అయితది. ఈ నల్లది నొక్కితే బందు. అరవై సెకండ్లే పడుతది, అంతకన్న ఎక్కువ పట్టది. ఇగో, ఈ పచ్చ గీత ఊగుతుంటే ఆవాజ్ లోపలికి పోతున్నట్టు. ఊగకుంటే పోతలేదన్నట్టు." ఎదురుగా నిలబడి చెప్పింది గనక సిద్ధరాములుకు ప్రతి ముక్కా అందింది. ఆ పచ్చ గీత సంగతి మరీ నచ్చింది. వినాల్సిన పని లేదు, చూస్తే చాలు.

సావిత్రి వెళ్లిపోయాక తలుపు దగ్గరికి వేసి, మౌస్ పట్టుకున్నాడు. ఎర్ర గుండు నొక్కాడు.

"చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పాలె?" అంది చంద్రభాగ.

"ఏదన్న చెప్పు. లలితకు చెప్పు." లలిత వాళ్ల కూతురు, భివండిలో కాపురం.

చంద్రభాగ మైకు వైపు కాకుండా మొగుడి వైపు చూస్తూ, తాము బయల్దేరామనీ, బెంగ పెట్టుకోవద్దనీ లలితకు చెప్పింది. సిద్ధరాములుకు శుభ్రంగా వినపడింది. పచ్చ గీత మాత్రం కదల్లేదు. ఇటుచివర నుంచి అటుచివరకు మగ్గం మీద సాగదీసిన పోగులా తిన్నగా ఉండిపోయింది.

నల్లది నొక్కి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అంతే. తాను "హలో" అన్నాడు. దానికీ కదల్లేదు. మైకు వైరు పట్టుకుని కంప్యూటర్ డబ్బా వెనక్కి పోయాడు. అక్కడ ఒకేలా ఉన్న మూడు రంధ్రాలు. మూడింట్లోనూ మార్చి మార్చి గుచ్చి చూసి, మొదట ఉన్నదాంట్లోనే మళ్లీ పెట్టాడు. గోడ గడియారంలో మూడూ ఇరవై.

ఆయనకు చదువు ఏడో తరగతి వరకు, అదీ మరాఠీలో. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మగ్గం సామాన్ల మీద చూసి చూసి వచ్చాయి. తెర కింద మూల గడియారం పక్కన పసుపుపచ్చని స్పీకరు బొమ్మ కనపడింది. దాని మీద రెండుసార్లు కొట్టాడు. పెద్ద పెట్టె తెరుచుకుంది. నిలువునా బారులు, ఒక్కో బారులో పైకీ కిందికీ జరిగే ఒక మీట, ప్రతి మీట కిందా ఒక చిన్న గడి. నాలుగో బారు మీద అక్షరాలు కూడబలుక్కుంటే మైకు అని తేలింది. ఆ బారు కింది గడిలో టిక్ ఉంది.

జాబర్ పద్ధతి ఒకటుంది. బోల్టు విప్పే ముందు అది ఏ స్థానంలో ఉందో సుద్దతో గీత పెట్టుకోవడం. సిద్ధరాములు జేబులోంచి సుద్దముక్క తీసి, ఏ మీట ఎంత ఎత్తులో ఉందో, ఏ గడిలో టిక్ ఉందో టేబులు చెక్క మీద గీసుకున్నాడు. గీసుకున్నాక ఆలోచించాడు. టిక్ ఉందంటే మైకు చాలూ ఉన్నట్టే గదా? మరి ఎందుకు పలకదు? మీటలన్నీ పైకి నెట్టాడు. టిక్ తీసేసి చూద్దామని దాని మీద నొక్కాడు.

చంద్రభాగ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఆమె ముఖం చిట్లిపోయింది. ఆయనకు అర్థం కాలేదు. "ఏమైంది? గొంతు నొస్తుందా?" అని ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూ స్పీకరు వైపు చూపించింది. అంతలో తలుపు తోసుకుని సావిత్రి వచ్చింది, ఆమె వెనక పరీక్ష రాస్తున్న పిల్లలు నలుగురు, వాళ్ల వెనక పుణె సాహెబ్. అందరి చేతులూ చెవుల మీదే ఉన్నాయి. సావిత్రి పరుగెత్తుకొచ్చి మైకు వైరు పీకేసింది. అప్పుడు అందరి చేతులూ కిందికి దిగాయి.

మైకులో దూరిన చప్పుడే స్పీకర్లోంచి వచ్చి, మళ్లీ మైకులో దూరి, మేడంతా పగిలిపోయేలా కీచుమని కూసిందన్న సంగతి సిద్ధరాములు వాళ్ల ముఖాలు చూసి ఊహించుకున్నాడు. ఆయనకు ఒక్క కూత వినపడలేదు. మగ్గాలు మొట్టమొదట ఎత్తుకుపోయింది ఆ సన్నటి చప్పుళ్లనే. మేడంతా చెవులు మూసుకుంటే తానొక్కడే మౌస్ పట్టుకుని తీరిగ్గా కూర్చున్నాడు. అందరూ చూశారు. సావిత్రి ఆయన వైపు ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది.

"ముప్పై రెండు మగ్గాల నడుమ పుట్టి పెరిగిన మనిషికి గిదొక చప్పుడా బిడ్డా" అని చంద్రభాగ నవ్వేసింది. సాహెబ్ వాచీ చూసుకుంటూ వెళ్లిపోయాడు. పిల్లలూ వెళ్లిపోయారు.

సావిత్రి తెర వైపు తిరిగి గబగబా ఏదేదో నొక్కుతూ మాట్లాడుతోంది. ఆమె వీపే కనపడుతోంది ఆయనకు. ఏం చెబుతోందో ఒక్క ముక్క తెలియదు. తెలిసినట్టు "ఊ, ఊ" అన్నాడు. చెప్పడం అయిపోగానే సావిత్రి లేచి, "సమజైందా కాకా?" అంది ఇటు తిరిగి. "బరోబర్ సమజైంది" అన్నాడు. ఆమె వెళ్లిపోయింది.

చంద్రభాగ కుర్చీ జరుపుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఏమీ జరగనట్టు, తనకు తాను అప్పచెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "రెండు లిస్టులు ఉన్నయంట. బయటికొచ్చే ఆవాజ్‌కు ఒకటి, లోపలికి పోయే ఆవాజ్‌కు ఒకటి. నువ్వు చూసింది బయటికొచ్చేది. అండ్ల టిక్ పెడితే మూసినట్టు. ఇంకొకటి లోపల దాగి ఉంటదంట. అండ్ల టిక్ పెడితే తెరిచినట్టు. పిల్లలు పాటల సీడీ పెట్టుకున్నరంట, అందుకని అండ్ల టిక్కు సీడీ మీద ఉండె. సావిత్రి మైకు మీదికి మార్చింది. ఇప్పుడు అంతా సరిగ్గుంది, ఏం ముట్టద్దు అన్నది."

"ఒకదాంట్ల టిక్ పెడితే మూసుడు, ఒకదాంట్ల టిక్ పెడితే తెరుసుడా? గిదేం పద్ధతి!" సిద్ధరాములుకు ఒళ్లు మండింది. "చేసినోడు ఎవడో గానీ వాణ్ని తెచ్చి నా మగ్గం ముంగట నిలబెట్టాలె."

"నిలబెడుదువు గాని. ముందు నొక్కు."

మూడూ యాభై. ఎర్ర గుండు నొక్కి, తాను "హలో" అన్నాడు. పచ్చ గీత ఒక్కసారిగా ముళ్లకంపలా లేచింది. సిద్ధరాములు ప్రాణం లేచొచ్చింది. "ఆఁ! చెప్పు, చెప్పు, జల్దీ" అన్నాడు.

చంద్రభాగ చెప్పింది. తాను వచ్చేదాకా లలిత చంటిపిల్లకు ఆముదం పట్టించొద్దని చెప్పింది. ఆయనకు ప్రతి మాటా వినపడింది. గీత తిన్నగా పడుకుంది.

మళ్లీ నొక్కాడు. తాను దగ్గాడు, గీత లేచింది. ఆమె మాట్లాడింది, గీత లేవలేదు. మైకు ఆమె గడ్డానికి ఆనించాడు. లేవలేదు. అరవై సెకండ్లు అయిపోయి పెట్టె దానంతటదే ఆగింది. ఇంకో అరవై. ఇంకో అరవై. తన మాటను పట్టుకున్న మైకు ఆమె మాటను ఎందుకు వదిలేస్తోంది? బొంగురుపోయిన గొంతు గనక చాలట్లేదేమో అనిపించి, సావిత్రి వద్దన్నా మళ్లీ స్పీకరు బొమ్మ మీద కొట్టాడు. మైకు మీట పైకి తోశాడు. గడిలో టిక్ తీశాడు, స్పీకరు మీద చెయ్యి ఆనించి అదురు తెలియగానే భయపడి మళ్లీ పెట్టాడు. లోపలి లిస్టు ఎక్కడుందో వెతికి తెరిచి, అక్కడా మీట పైకి నెట్టాడు. అక్కడ టిక్ పక్క బారులోకి జారిపోయింది. ఇప్పుడు తన "హలో"కు కూడా గీత లేవడం మానేసింది.

నాలుగూ ఐదు.

ఆయన మగ్గాల ముందు ఎప్పుడూ కంగారు పడలేదు. ఇంటికి పోనిచ్చేది లేదని మాలక్ నెత్తిన కూర్చున్నప్పుడు కూడా పడలేదు. ఇప్పుడు పడుతున్నాడు. ఇరవై ఐదు నిమిషాల్లో లైట్ పోతుంది, రెండున్నర గంటల్లో బండి, ఎల్లుండి కత్తి. ఆమె మాట లేని ఇంట్లో తాను కూర్చోవడం ఊహించుకుంటే, సుట్టీ రోజు మగ్గాలన్నీ ఆగిన కార్ఖానా గుర్తొచ్చింది. టేబులు మీది సుద్ద గీతలు చూసుకుంటూ ఒక్కో మీటను వెనక్కి జరిపాడు. లోపలి లిస్టులో టిక్‌ను మళ్లీ మైకు బారులోకి తెచ్చాడు. "హలో." లేచింది.

"నువ్వు చెప్పు" అన్నాడు ఆమెతో. అది అడగడం కాదు, బతిమాలడం.

చంద్రభాగ ఆయన నుదుటి చెమట కొంగుతో తుడిచి, "కంగారు పడకు. కాకుంటే పాయె" అంది. తుడుస్తున్నప్పుడు ఆమె గాజులు టేబులు అంచుకు తగిలాయి.

పచ్చ గీత లేచింది.

సిద్ధరాములు దాన్ని చూశాడు. ఆమె ముంజేతిని చూశాడు. "ఇంకోసారి అను" అన్నాడు.

"ఏమని?"

గీత పడుకునే ఉంది. ఆయనే ఆమె చెయ్యి పట్టుకుని గాజులు చెక్కకు తట్టాడు. లేచింది. చెయ్యి వదిలేశాడు. "ఇప్పుడు నా పేరు చెప్పు" అన్నాడు. ఎన్నడూ మొగుడి పేరు పలకని చంద్రభాగ సిగ్గుపడి చెప్పింది. ఐదక్షరాలూ ఆమె పెదవుల మీద నిండుగా కనపడ్డాయి. గీత పోగులా తిన్నగా ఉంది.

మైకు గాజుల చప్పుడు పట్టుకుంటోంది. తన ఊపిరి కూడా పట్టుకుంటోంది. ఆమె మాటను పట్టుకోవడం లేదు. ఎందుకంటే ఆమె నోట్లోంచి చప్పుడు రావడం లేదు. ఇంతసేపూ రాలేదు. టేప్ రికార్డర్‌లోనూ రాలేదు.

మరి తనకు వినపడుతున్నదేమిటి?

ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడో లోపల మెదిలింది గానీ, ఆయన దాని వైపు చూడటానికి ఒప్పుకోలేదు. "నువ్వు గొంతు తీస్తలేవు" అన్నాడు. "కార్ఖానల మాట్లాడినట్టు మాట్లాడుతున్నవు."

చంద్రభాగ ముఖం ఒక్కసారి పాలిపోయి మళ్లీ మామూలైంది. "అలవాటైపోయింది" అంది పెదవులతోనే. "నువ్వు ముంగట కూసుంటే గొంతు రాదు."

"అయితే నేను బయటికి పోత." ఆయన లేచాడు. ఎర్ర గుండు ఎలా నొక్కాలో ఆమె వేలు పట్టి చూపించాడు. ఏ గోడ వైపు చూసినా సరే, గొంతు తీసి మాట్లాడమన్నాడు. గది బయటికి వచ్చి తలుపు మూశాడు. మూసిన తలుపు వెనక ఆమె గొంతు తీసిందో లేదో ఆయనకు తెలిసే మార్గమే లేదు. మెట్ల కమ్మీ పట్టుకుని, కింద చాయ్ తాగుతున్న పెంటప్ప నెత్తిని చూస్తూ అరవై దాకా లెక్కపెట్టాడు. కంగారులో నలభై అన్న అంకె రెండుసార్లు వచ్చింది.

తలుపు తీసేసరికి సావిత్రి లోపల ఉంది. పరీక్ష కాగితాలు సాహెబ్‌కు అప్పగించి, సిద్ధరాములు కిందికి చూస్తుండగా వెనకనుంచి వచ్చినట్టుంది. ఫ్లాపీలోకి ఎక్కిస్తోంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. చంద్రభాగ ఆయన పక్కనుంచే చెప్పులేసుకుని, "పెంటప్ప చూస్తుండొచ్చు, నేను నడుస్త" అంటూ కిందికి దిగిపోయింది.

"వచ్చిందా?" అన్నాడు సిద్ధరాములు.

సావిత్రి ఇటు తిరిగి, సరిగ్గా ఆయన ఎదురుగా, కిటికీ వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడింది. "వచ్చింది కాకా. ఇంటరా?"

ఆయన తలూపాడు. హెడ్‌ఫోన్లు ఆయన తలకు తగిలించి, మీట ఆ చివరిదాకా నెట్టింది. నాలుగూ ఇరవై రెండు.

చెవిలో ఎక్కడో దూరాన ఏదో గరగరలాడింది. బొంగురుగా, చాలా లోతు నుంచి, ఎవరో ముసలామె. ఎవరీ మనిషి? ఆయన సావిత్రి వైపు చూశాడు. అది తన పెళ్లాం గొంతని పోల్చుకోలేకపోయాడు సిద్ధరాములు. తాను పదేళ్లుగా రోజూ విన్నది ఇది కాదు. తాను విన్నది ఆమె పాతికేళ్ల నాటి గొంతు. అది ఎప్పుడో ఆయన తలలో నిలిచిపోయి, ఆమె పెదవులు కదిలినప్పుడల్లా లోపల పలుకుతూ ఉంది, అంతే.

గరగర తప్ప మాటలు అందడం లేదు. సావిత్రికి అది తెలుసు. హెడ్‌ఫోన్లలోంచి బయటికొస్తున్న ఆ గొంతుతో పాటే ఆమె పెదవులు కదిలించడం మొదలుపెట్టింది. నేతవాళ్ల పిల్ల గదా. ఆయన చదువుకున్నాడు.

"లలితా, అమ్మను మాట్లాడుతున్న. మీ నాయిన బయట నిలబడ్డడు. ఆయనకు వినపడది. పదేండ్ల సంది వినపడది బిడ్డా. ఎవలకు తెల్వదనుకుంటుండు. ఒకనాడు ఎనకనుంచి నాలుగుసార్లు పిలిచిన, పలుకలే. ముంగటికి పోయి నోరు తెరువంగనే పలికిండు. ఆనాటి సంది నేను ఆయనతోని పెదవులతోనే మాట్లాడుతున్న. అరిచి మాట్లాడితే ఇరుగుపొరుగుకు తెలుస్తది, కార్ఖానల తెలుస్తది. తనది బయట పడ్డదని తెలిస్తే ఆయన తట్టుకోడు. నువ్వు గూడ ముంగటికొచ్చి మాట్లాడు. మొఖం మీద వెలుతురు ఉండేటట్టు నిలబడు. ఊ అన్నడంటే సమజైనట్టు కాదు, మళ్ల అడుగు. నా గొంతు పోతదని నువ్వు ఏడువకు. మా ఇంట్ల దానికి పని లేక పదేండ్లాయె. అది పోతే ఆయనకు కొత్తగ పోయేదేం లేదు, అందుకే నాకు భయం లేదు. ఇంకొకటి బిడ్డా, ఆయనకు..."

సావిత్రి పెదవులు ఆగిపోయాయి. అరవై సెకండ్లు అయిపోయాయి.

సిద్ధరాములు హెడ్‌ఫోన్లు తీసి టేబులు మీద పెట్టాడు. ఏడుపొచ్చింది, సావిత్రి ముందే ఏడ్చాడు. పదేళ్లు. ఇరుకింట్లో తన ముందుకొచ్చి నిలబడి, దీపం పక్కకు జరుపుకుని, నోరు పెద్దగా చేసి మాట్లాడిన పదేళ్లు. దానికి తాను ఒక్కసారి కూడా ఆశ్చర్యపోలేదు. తన చెవే గట్టిదనుకున్నాడు.

లైట్ పోయింది. తెర నల్లబడింది. సావిత్రి ఫ్లాపీని కాగితంలో చుట్టి, ముంబై నుంచి వచ్చేసరికి క్యాసెట్‌లోకి ఎక్కించి ఉంచుతానని చెప్పింది. ఆయన మెట్లు దిగాడు.

కింద రిక్షా ఆగి ఉంది. పెంటప్ప సంచులు సర్దుతున్నాడు. చంద్రభాగ రోడ్డు మీద నిలబడి ఆయన రావడం చూసి, ముఖం ఇటు తిప్పి, "జల్దీ ఎక్కు" అంది పెదవులతో.

ఆయన ఎక్కలేదు. ఆమె దగ్గరికొచ్చి ఆగాడు. "అది సగంల ఆగింది" అన్నాడు. "ఇంకొకటి బిడ్డా, ఆయనకు... అన్నవు. ఆయనకు ఏంది?"

మొగుడు మొత్తం విన్నాడని చంద్రభాగకు అర్థమైంది. పెంటప్ప వైపు కళ్లతో చూపించి, "బండ్ల చెప్త" అంది పెదవులతో.

"బండ్ల కాదు. ఇక్కడ చెప్పు." ఆయన వంగి, ఎడమ చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. పెంటప్ప సంచి వదిలేసి ఇటే చూస్తున్నాడు. పెంటప్ప రేపు కార్ఖానాకు పోతాడు. మాలక్ ఉంటాడు, ముప్పై రెండు మగ్గాల వాళ్లుంటారు.

"చూడనీ" అన్నాడు సిద్ధరాములు, రోడ్డంతా వినపడేలా. "నాకు చెవులు వినపడవు పెంటప్పా. పదేండ్లాయె. పోయి చెప్పుకో." మళ్లీ ఆమె వైపు తిరిగి, "గొంతు తీసి చెప్పు" అన్నాడు.

చంద్రభాగ రెండు చేతులతో ఆయన తల పట్టుకుంది. చెవికి నోరు ఆనించి, గడ్డ అడ్డుపడుతున్న గొంతులో ఉన్నదంతా కూడదీసుకుని అరిచింది.

"వంకాయ పడదు! ఆయనకు వంకాయ పెట్టకు అని చెప్పబోయిన!"

ఆయనకు వినపడింది. వినపడినా, తల తియ్యకుండా మళ్లీ చెప్పమన్నాడు.